చెక్కు, చెక్ డ్యామ్, గళ్ళ చొక్కా: ఇవన్నీ ఒకే మాటేనా?

ఎడిసన్‌బాబు:
అందరికీ నమస్కారం. ఇది భాషల విభాగంలో పెట్టాలో కాలక్షేపంలో పెట్టాలో తెలియక ఇక్కడ పెడుతున్నా, తప్పయితే మార్చేయండి.

మా నాన్న బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. న్యూజెర్సీకి మా దగ్గరికి వచ్చి నెలయింది. మొన్న శనివారం అందరం బయట భోంచేశాం. తినడం అయ్యాక వెయిటర్ అమ్మాయి వచ్చి "చెక్ తెస్తాను" అని వెళ్ళింది. నాన్న నా వైపు వంగి "మనం తిన్నదానికి వాళ్ళు మనకి చెక్కిస్తారేంట్రా?" అన్నారు. బిల్లు నాన్నా అన్నాను. నమ్మలేదు. ఆ నల్ల ఫోల్డర్ తెరిచి, కాగితం వెనక్కీ ముందుకీ తిప్పి, "పేయీ పేరు లేదు, డ్రాయర్ సంతకం లేదు, దీన్ని చెక్కని ఎవడన్నాడు" అని వాదన.

అక్కడితో అయిపోయిందా అంటే లేదు. సోమవారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఒక ఫారం ఇచ్చారు. షుగరు, బీపీ, అలర్జీలు, ఒక్కొక్కదాని పక్కన చిన్న గడి, పైన "వర్తించేవన్నీ చెక్ చేయండి" అని ఇంగ్లీషులో. ఈయన కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివి, ఒక్క గీత కూడా పెట్టకుండా తిరిగిచ్చేశారు. "అన్నీ చెక్ చేశానమ్మా, తప్పులేం లేవు" అన్నారట రిసెప్షనిస్టుతో.

ఆ రాత్రి నవ్వి నవ్వి పడుకున్నాక నాకే అనుమానమొచ్చింది. చెక్కు, చెకింగ్, చెకప్, చెక్‌పోస్టు, చదరంగంలో చెక్, చెక్స్ షర్టు, మన ఊరి వాగు మీద చెక్ డ్యామ్. ఇవన్నీ ఒకటే మాటా, లేక వేరే వేరే మాటలు ఒకేలా వినబడుతున్నాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చార్మినార్‌చాయ్:
అంకుల్‌కి నా సలాం. తప్పులేం లేవంట!! పొద్దున్నే చాయ్ పొలమారింది.

పాతనిఘంటువు:
బాబూ, మీ నాన్నగారి అనుమానం న్యాయమైనదే. ఓపిక ఉంటే చదవండి, కాస్త పొడుగు.

మీరు చెప్పినవన్నీ ఒకే మాట. దాని పుట్టుక చదరంగం బల్ల మీద. మన చతురంగం పారశీక దేశం వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల నోట షత్రంజ్ అయింది. ఎదుటివాడి రాజు మీదికి ఎత్తు వేసినప్పుడు పారశీకులు "షా!" అనేవారు. షా అంటే రాజు. నీ రాజు సంగతి చూసుకో అని హెచ్చరిక. ఆటతోపాటు ఆ కేక కూడా యూరప్ వెళ్ళింది. పాత ఫ్రెంచిలో ఎస్చెక్ అయింది, ఇంగ్లీషువాడి నోట్లో ముందు భాగం ఊడిపోయి చెక్ మిగిలింది. ఎస్చెక్‌కి బహువచనం కూడా అలాగే ముందు భాగం పోగొట్టుకుని చెస్ అయింది. అంటే చెస్ అన్న మాటకి లోపలి అర్థం "రాజులు".

ఇప్పుడు అర్థాలు ఎలా పాకాయో చూడండి. రాజుకి చెక్ పడిందనుకోండి, మీరు మనసులో ఎంత గొప్ప ఎత్తు అనుకున్నా దాన్ని ఆపేసి ముందు రాజుని కాపాడుకోవాలి. కాబట్టి చెక్ అంటే ఉన్నపళాన ఆపడం. అక్కడినుంచి అదుపు. అదుపు ఎక్కువగా కావలసింది లెక్కల్లో కదా, కాబట్టి ఒకడు రాసినదాన్ని ఇంకొకడు సరిచూడటం కూడా చెక్కే అయింది. తర్వాత సరిచూడటానికి దాచుకునే రెండో ముక్క, టోకెను, చీటీ, అవి కూడా చెక్కులే. అమెరికాలో హోటల్ బిల్లు ఈ చీటీ అర్థం నుంచే వచ్చింది. కోటు అప్పగిస్తే ఇచ్చే బిళ్ళా చెక్కే.

మీ నాన్నగారికి ఒక సంగతి చెప్పండి. బ్యాంకు చెక్కు కూడా మొదట చెక్కు కాదు! 1700ల మొదట్లో ఇంగ్లండులో ఆ పేరు కౌంటర్‌ఫాయిల్‌కి ఉండేది. దొంగ కాగితమా అసలుదా అని పోల్చి చూసుకునే ముక్క అది. కొన్నాళ్ళకి ఆ పేరు చించి ఇచ్చే కాగితానికి అంటుకుంది.

గళ్ళ చొక్కా సంగతి రాత్రికి రాస్తాను, ఇంట్లో కరెంటు పోయేలా ఉంది.

గుంటూరుమిర్చి:
మాస్టారూ ఇది అదిరింది. మా అమ్మాయి చెస్ కోచింగ్‌కి వెళ్తుంది, హంపి, హారిక ఫోటోలు గోడకి అంటించుకుంది. మొదటి రోజు "చెక్!" అని గట్టిగా అరిస్తే కోచ్ నోరు మూయించాడంట. టోర్నమెంట్లలో చెక్ అని పైకి చెప్పాల్సిన రూలేమీ లేదంట, ఎదుటివాడే చూసుకోవాలి. అంటే ఏ కేక నుంచి ఇంత సంసారం పుట్టిందో ఆ కేకే ఇప్పుడు ఆటలో లేదన్నమాట.

చార్మినార్‌చాయ్:
మా తాత, ఆయన దోస్తులు మసీదు పక్కన అరుగు మీద ఆడేవాళ్ళు. చెక్ అనడం నేను ఎప్పుడూ వినలేదు. "షహ్" అనేవాళ్ళు, ఆట అయిపోతే "మాత్". ఓడినోడు మాత్ ఖా గయా అంతే. అంటే పారశీకులది మధ్యలో ఎవరి చెయ్యీ పడకుండా నేరుగా మా అరుగు మీదికే వచ్చిందన్నమాట. ఇంగ్లీషోడిది చుట్టు తిరిగి వచ్చింది.

చరిత్రపిచ్చి:
షా మాత్ అంటే "రాజు చచ్చాడు" అని అర్థం, అరబ్బీలో మాత అంటే చనిపోయాడు. చెక్‌మేట్ అదే.

పాతనిఘంటువు:
కరెంటు పోలేదు. చరిత్రపిచ్చి గారూ, ఆ మాట చాలా చోట్ల రాస్తారు కానీ, పారశీకంలో మాత్ అంటే దిక్కుతోచని స్థితి, ఓటమి. చావు కాదు. ఆట తీరు చూసినా అంతే కదా, చదరంగంలో రాజుని ఎవరూ చంపరు, బల్ల మీదనుంచి తీయరు కూడా. కదలడానికి చోటు లేక నిలబడిపోతాడు. అరబ్బీ మాట ధ్వనిలో దగ్గరగా ఉండటంతో ఆ అర్థం అతుక్కుంది.

మన తెలుగువాళ్ళు దీనికి "ఆటకట్టు" అన్నారు చూశారా, చక్కటి మాట. చావూ లేదు రాజూ లేడు, ఆట కట్టేసింది అంతే.

డెస్క్‌మీదనిద్ర:
పదిహేనేళ్ళుగా పత్రికలో సబ్ ఎడిటర్‌ని. నా పాపం ఇక్కడ ఒప్పుకుంటా. "దళారులకు చెక్", "దోమలకు చెక్", "జుట్టు రాలడానికి చెక్", ఇలాంటి శీర్షికలు నేను పెట్టినన్ని ఎవరూ పెట్టి ఉండరు. ఎందుకంటారా, సింగిల్ కాలమ్‌లో "అడ్డుకట్ట" పట్టదు. "చెక్" అయితే రెండక్షరాలు, పొల్లు కాబట్టి ఇంకా ఇరుకులో దూరుతుంది. రాత్రి పన్నెండున్నరకి పేజీ వదలాల్సి ఉంటే భాషాసేవ గుర్తుకు రాదు.

కానీ మాస్టారు రాసింది చదివాక ఒకటి తట్టింది. మేం "చెక్" అని రాసేది ఆ సమస్య ఇక అయిపోయింది అన్న అర్థంలో. చదరంగంలో చెక్ అంటే అయిపోవడం కాదు కదా! రాజు పక్క గడిలోకి జరుగుతాడు, ఆట సాగుతుంది. నిజంగా అయిపోతే రాయాల్సింది ఆటకట్టు. దళారులు ఇప్పటికీ ఉన్నారు, దోమలు సరేసరి, కాబట్టి తెలియకుండానే నిజం రాస్తున్నామేమో.

బోరుమోటార్_అనంతపురం:
అన్నా, నేను మోటార్లు రిపేరు చేస్తా. మాకు చెక్ అంటే రోజూ చేతిలో ఉండేదే. చెక్ నట్టు అంటే మొదటి నట్టు వదులు కాకుండా దాని మీద బిగించే రెండో నట్టు, సైకిల్ షాపులో కూడా అదే పేరు. చెక్ వాల్వు అంటే మోటారు ఆపగానే పైపులో ఉన్న నీళ్ళన్నీ మళ్ళీ బోరులోకి దిగిపోకుండా ఆపేది. మేం ఎక్కువగా ఎన్నార్వీ (నాన్ రిటర్న్ వాల్వు) అంటాం, డబ్బా మీద చెక్ వాల్వు అనే ఉంటది. లోపల చిన్న రేకు తలుపు లాంటిది ఉంటది, నీళ్ళు పైకి వచ్చేటప్పుడు తెరుచుకుంటది, వెనక్కి రాబోతే నీటి బరువుకే మూసుకుంటది. దాంట్లో ఇసుక రేణువు ఇరుక్కుందంటే చాలు, రాత్రంతా నీళ్ళు జారిపోయి పొద్దున మోటారు వేస్తే ముందు గాలి కొడతది.

చెక్ డ్యామ్ కూడా అంతే గదా. నీళ్ళని పూర్తిగా ఆపేదానికి కాదు, వాగు ఉరుకుడు తగ్గించేదానికి. ఎక్కువొస్తే పైనుంచి దూకి పోతాయి, నిలిచిన నీళ్ళు మెల్లగా ఇంకి చుట్టుపక్కల బోర్లకి ఊపిరి పోస్తాయి. ఇందాక ఆ పేపరాయన చెప్పిందీ ఇదే, చెక్ అంటే ఆటకట్టు కాదు.

పాతనిఘంటువు:
బోరుమోటార్ గారూ, రెండు వందల ఏళ్ళ నిఘంటువులు తిరగేసినా ఇంతకంటే బాగా చెప్పలేను. చెక్ అన్న మాటకి పాత అర్థం, ఆపడం, ఇప్పుడు బతికున్నది మీ నట్టులో, వాల్వులో, వాగులోనే. ఆఫీసుల్లో చెక్ అంటే చూడటం అయిపోయింది. ఫ్రెంచి వాళ్ళ దగ్గర ఇదే మాట ఇంకో దారి పట్టింది. ఏకవచనంలో వైఫల్యం, బహువచనంలో చదరంగం.

వంటింటికబుర్లు:
నాదొక తిక్క సందేహం, నవ్వకండి. "బంగాళాదుంపలు చెక్కు తీసి ముక్కలు కోయాలి" అంటాం, "వందేళ్ళయినా ఆ గుడి చెక్కుచెదరలేదు" అంటాం. ఇది కూడా ఇదేనా?

చార్మినార్‌చాయ్:
అక్కా, ఆలుగడ్డకి బ్యాంక్ అకౌంట్ ఉందా 😄

పాతనిఘంటువు:
నవ్వొద్దన్నారు కదా తమ్ముడూ. ఆ చెక్కు అచ్చ తెలుగు. పైతొక్క అది. చెక్కడం, చెక్క, వీటి ఇంటిదే. ఇంగ్లీషు చెక్‌కీ దీనికీ చుట్టరికం లేదు, దారిలో ఎదురుపడి ఒకేలా కనబడ్డారు అంతే. మనం చెక్ చివర ఉకారం తగిలించి చెక్కు అనడంతో అచ్చం కవలలు అయిపోయారు.

చరిత్రపిచ్చి:
మాస్టారూ, మాత్ విషయం ఒప్పుకున్నాను. కానీ బ్యాంకు చెక్కు విషయంలో మీరు పెద్ద సంగతి వదిలేశారు. అరబ్బు వర్తకులు తొమ్మిదో శతాబ్దం నాటికే సక్ అనే రాతకాగితం వాడేవారు. ఒక ఊళ్ళో రాయించుకుని ఇంకో ఊళ్ళో డబ్బు తీసుకునేవారు. సక్ నుంచే చెక్ వచ్చిందని ఎన్నో చోట్ల ఉంది. పని అదే, పేరూ దాదాపు అదే. దీన్ని వదిలేసి చదరంగం, కౌంటర్‌ఫాయిల్ అని ఇంత చుట్టూ తిప్పడం ఎందుకు? యూరప్ వాళ్ళు తమ గొప్ప కోసం అలా రాసుకున్నారేమో.

పాతనిఘంటువు:
సక్ నిజం, అరబ్బుల వ్యాపారం నిజం, మన వర్తకులు డబ్బు చెల్లించమని రాసుకున్న చీటీలు, హుండీలు, అవీ నిజం. కాగితం మీద డబ్బు బదిలీ చేయడం యూరప్ వాడు కనిపెట్టింది కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ మాట దారి వేరు, వస్తువు దారి వేరు. ఇంగ్లీషులో చెక్ అనే మాట 1300ల నుంచి ఉంది, ఆపడం అన్న అర్థంలో. తర్వాత సరిచూడటం, తర్వాత సరిచూసే ముక్క, తర్వాత బ్యాంకు కాగితం, మెట్టు మెట్టుకీ రాతలో ఆధారం కనబడుతుంది. సక్ నుంచి నేరుగా వచ్చి ఉంటే ఆ మాట మొదటినుంచీ డబ్బు కాగితం అర్థంలో కనబడాలి కదా, కౌంటర్‌ఫాయిల్ అర్థంలో ఎందుకు మొదలవుతుంది?

ఇక యూరప్ గొప్ప అంటారా, ఈ దారిలో కూడా చివరికి తేలేది పారశీక షా, అంతకుముందు మన చతురంగం. వాళ్ళ గొప్ప ఎక్కడుంది ఇందులో?

వంటింటికబుర్లు:
ధ్వని కలిస్తే చుట్టాలు అయ్యేట్టయితే నా బంగాళాదుంప కూడా పెళ్ళికి రావాలి.

చరిత్రపిచ్చి:
😂 సరే అక్కా, ఓడిపోయా. మాత్.

చీరాలమగ్గం:
గళ్ళ చొక్కా సంగతి రాత్రికి రాస్తానని మాస్టారు మర్చిపోయినట్టున్నారు. నాకు కావాల్సింది అదే. మాది నేత కుటుంబం. మా తాతల కాలంలో మా వైపు మగ్గాల మీద గళ్ళ రుమాళ్ళు నేసేవాళ్ళు, మద్రాసు రుమాలు పేరుతో ఓడలెక్కి పశ్చిమ ఆఫ్రికా దాకా పోయేవి. పేరు మద్రాసుది, నేత మాది.

గడి ఎలా వస్తుందో చాలామందికి తెలియదు, బట్ట మీద అచ్చు వేస్తారనుకుంటారు. పడుగులో రంగు నూలు లెక్కగా పేర్చాలి, ఎరుపు ఇన్ని పోగులు, నలుపు ఇన్ని, తెలుపు ఇన్ని. మళ్ళీ పేకలో కూడా అదే లెక్కన నాడె మార్చి మార్చి వేయాలి. నిలువు గీతా అడ్డం గీతా కలిసినచోట గడి. ఒక్క పోగు తప్పితే గడి నలుచదరంగా రాదు, పక్కకి సాగినట్టు కనబడుతుంది. మా నానమ్మ దూరంనుంచి చూసే చెప్పేసేది, "ఆ మూల గడి కూలబడింది" అని. దీన్ని ఇంగ్లీషులో చెక్స్ అని ఎందుకంటారో ఇన్నేళ్ళూ ఆలోచించలేదు.

పాతనిఘంటువు:
మర్చిపోలేదమ్మా, సక్ గారి దగ్గర ఇరుక్కుపోయాను.

ఇది రెండో పాయ. మొదటి పాయ రాజు మీద వేసిన కేక, రెండో పాయ ఆ ఆట ఆడే బల్ల. పాత ఫ్రెంచిలో చదరంగం బల్లని ఎస్చెకియర్ అన్నారు. గళ్ళు గళ్ళుగా ఉన్న దేన్నయినా ఇంగ్లీషువాళ్ళు చెకర్ అన్నారు, పొట్టి చేసి చెక్. మీ రుమాలు ఆ చెక్. కారు రేసు చివర ఊపే నలుపు తెలుపు జెండా కూడా అదే.

ఈ బల్లకే ఇంకో పెద్ద కథ ఉంది. బ్రిటన్ ఆర్థిక మంత్రిని ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటారు కదా, ఆ ఎక్స్‌చెకర్ అంటే చదరంగం బల్లే! 12వ శతాబ్దంలో అక్కడి షెరిఫ్‌లు ఏడాదికి రెండుసార్లు, ఈస్టర్‌కి ఒకసారి, సెప్టెంబరు చివర ఒకసారి, వసూళ్ళ లెక్క చెప్పడానికి రాజుగారి ఖజానాకి రావాలి. అక్కడ పదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు బల్ల. బిళ్ళలు దొర్లి కింద పడకుండా నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. దాని మీద గీతలున్న నల్లబట్ట పరిచేవారు. గీతల మధ్య బిళ్ళలు జరిపి లెక్క చేసేవారు. ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, అక్కడే పనిచేసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్ అనే కోశాధికారి 1170ల చివర్లో ఇదంతా రాసిపెట్టాడు. చదరంగంలో ఇద్దరు రాజులు పోరాడినట్టు ఇక్కడ కోశాధికారికీ షెరిఫ్‌కీ యుద్ధం అని కూడా ఆయనే అన్నాడు. లెక్క తప్పిన షెరిఫ్ మొహం ఊహించుకోండి.

బ్యాంకు చెక్కుని బ్రిటిష్ వాళ్ళు, మనమూ వేరే స్పెల్లింగుతో (cheque) రాయడానికి కారణం ఈ ఎక్స్‌చెకర్ నీడే. అమెరికావాళ్ళు ఆ తోక తగిలించకుండా పాత రూపంలోనే (check) ఉంచారు. మీ నాన్నగారికి బిల్లు చూసి తిక్కరేగడానికి ఇది కూడా కారణం బాబూ, అక్కడ అన్నిటికీ ఒకటే స్పెల్లింగు.

డెస్క్‌మీదనిద్ర:
ఆ ఖజానా గురించే ఇంకోటి నేను చెప్తా. డబ్బు అందినట్టు రసీదు కాగితం మీద కాదు, కర్ర మీద ఇచ్చేవాళ్ళు. కర్రకి ఇంత సొమ్ముకి ఇంత గంటు అని కోసి, నిలువునా రెండుగా చీల్చి, ఒక ముక్క వాళ్ళకి ఒక ముక్క వీళ్ళకి. తర్వాత రెండూ కలిపితే గంట్లు అతకాలి. అదీ అసలు చెకింగ్! ఈ పద్ధతి 1826 దాకా సాగింది. ఆ పాత కర్రలన్నీ ఏం చేయాలో తెలియక 1834 అక్టోబరు 16న పార్లమెంటు కింది పొయ్యిల్లో పడేసి కాల్చారు. పొగగొట్టాలు వేడెక్కి పార్లమెంటు భవనం చాలావరకు తగలబడిపోయింది. పాత రికార్డులు కాల్చే ముందు మన ఆఫీసులవాళ్ళు ఇది చదవాలి.

ఎడిసన్‌బాబు:
నేను ఒక్క ప్రశ్న అడిగి ఆఫీసుకి వెళ్ళొచ్చేసరికి ఇదేంటి ఇంత!! నాన్నకి మొత్తం చదివి వినిపిస్తున్నా. కౌంటర్‌ఫాయిల్ దగ్గర ఆపమన్నారు. "నేనెప్పుడూ చెప్పేవాణ్ణి కదా, చెక్కు పోయినా ఫర్వాలేదు, ఫాయిల్ జాగ్రత్తగా ఉంచుకోవాలని" అంటున్నారు.

పాలమూరుపిల్లాడు:
చదరం + రంగం = చదరంగం కాదా? గళ్ళు చదరంగా ఉంటాయి కాబట్టి?

పాతనిఘంటువు:
వినడానికి బాగుంది కానీ కాదు నాయనా. చతుర్ + అంగం. రథ గజ తురగ పదాతులు, సైన్యానికి నాలుగు అంగాలు. చదరం మాత్రం చతురస్రం నుంచి వచ్చింది. రెండింట్లోనూ నాలుగు ఉంది కాబట్టి దూరపు బంధువులే.

ఇంకో బంధుత్వం చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. షా అన్న మాట పాత పారశీకంలో ఖ్షాయథియ. పాలించడం అన్న ధాతువు నుంచి వచ్చింది. సంస్కృతంలో క్షత్రం, క్షత్రియ కూడా ఆ ధాతువు పిల్లలే. కాబట్టి ఎవరైనా "టికెట్ చెక్" అంటూ బస్సెక్కితే మర్యాదగా లేచి నిలబడండి, రాజవంశం.

గుంటూరుమిర్చి:
మన బొడ్డుచర్ల తిమ్మన కృష్ణదేవరాయలనే చదరంగంలో ఓడించేవాడని చాటు పద్యం ఉంది కదా. రాజుకి ఎదురుగా కూర్చుని రాజుకే "రాజు!" అని హెచ్చరించడం, గుండె ధైర్యం కావాలి.

నా చెక్కు కథ కూడా చెప్పి పోతా. రెండేళ్ళ కిందట మిర్చి అమ్మితే ఒక వ్యాపారి సగం నగదు, సగం చెక్కు ఇచ్చాడు. తేదీ నెలాఖరుకి వేశాడు. వేస్తే బౌన్స్. ఫోన్ చేస్తే "ఇంకోసారి వేయండి బాబాయ్" అంటాడు. ఇంకోసారీ అంతే. ఎస్చెక్ అంటే ఫ్రెంచిలో వైఫల్యం అని మాస్టారు రాశారు చూడండి, ఆ రోజు నాకు బాగా అర్థమైంది ఫ్రెంచి.

ప్లీడర్‌గుమస్తా:
బాబాయ్, తర్వాత నోటీసు ఇచ్చారా? ఇక్కడ చాలామంది పొరబడతారు కాబట్టి చెప్తున్నా. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిదే అయినా, చెక్కు చెల్లకపోతే నేరం అన్న 138వ సెక్షన్ అమల్లోకి వచ్చింది 1989 ఏప్రిల్ 1న. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. వాళ్ళకి నోటీసు అందాక 15 రోజుల గడువు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఇంకోటి, చెక్కు ఆరు నెలలు చెల్లుతుంది అనుకునేవాళ్ళు ఇప్పటికీ మా ఆఫీసుకి వస్తారు. 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలే.

మాస్టారి లెక్కన చూస్తే నోటీసు ఇవ్వడం అంటే "షా" అనడం. పదిహేను రోజుల్లో రాజు జరగాలి.

గుంటూరుమిర్చి:
నోటీసు అందిన పన్నెండో రోజు జరిగాడు. డబ్బొచ్చింది. ఆయనతో మళ్ళీ బేరం పెట్టుకోలేదు.

టెక్సాస్‌తాత:
నేనూ మా అమ్మాయి దగ్గరే ఉంటాను, ఎడిసన్‌బాబు నాన్నగారికి తోడుగా ఒక అనుభవం. పక్కింటి అమెరికా ఆయన్ని సంక్రాంతి భోజనానికి పిలిస్తే "రెయిన్ చెక్ తీసుకుంటా" అన్నాడు. వాన పడుతుందేమో చూసి వస్తాడనుకుని, ఆకాశం నిర్మలంగా ఉంది కదా అని మా ఆవిడ నలుగురికి అదనంగా బూరెలు చేసింది. రాలేదు. తర్వాత అల్లుడు చెప్పాడు, ఇప్పుడు కాదు ఇంకోసారి వస్తాను అని మర్యాదగా తప్పించుకోవడం అంటే అదేనని. బేస్‌బాల్ ఆట వానకి ఆగిపోతే, టికెట్ ముక్క చూపించి ఇంకో రోజు ఆట చూడొచ్చంట, 1880ల నుంచీ ఉందట ఆ పద్ధతి. ఆ ముక్క పేరు రెయిన్ చెక్. బూరెలు మాత్రం మేమే తిన్నాం మూడు రోజులు.

వంటింటికబుర్లు:
తాతగారూ, బూరెలకి రెయిన్ చెక్ ఇవ్వకూడదని చట్టం తేవాలి.

పాలమూరుపిల్లాడు:
చెక్ రిపబ్లిక్?

పాతనిఘంటువు:
బంగాళాదుంప పక్కన కూర్చోబెట్టండి. సంబంధం లేదు, అది వాళ్ళ జాతి పేరు.

ఎడిసన్‌బాబు:
నాన్న ఇంకో ప్రశ్న అడగమంటున్నారు. నా బ్యాంకు యాప్‌లో "చెకింగ్ అకౌంట్" అని చూశారు. "నీ మీద బ్యాంకు వాళ్ళకి అనుమానమా, చెకింగ్‌లో పెట్టారేంటి" అంటున్నారు. చెక్కులు రాసుకునే ఖాతా అని నేను చెప్పాను. కరెంట్ అకౌంట్ లాంటిదా అంటే, కాదు, జీతం పడేది కూడా దీంట్లోనే అన్నా. "అయితే దాన్ని సేవింగ్స్ అనాలి కదా" అంటున్నారు. సేవింగ్స్ ఇంకోటి ఉంది నాన్నా అంటే, లేచి వాకింగ్‌కి వెళ్ళిపోయారు.

చార్మినార్‌చాయ్:
అంకుల్‌ని ఈ గ్రూపులో చేర్పించు భాయ్.

ఎడిసన్‌బాబు:
వారం తర్వాత కొసరు. నిన్న మళ్ళీ అదే హోటల్‌కి వెళ్ళాం. అదే అమ్మాయి, అదే నల్ల ఫోల్డర్. ఈసారి నాన్న నన్ను ముట్టుకోనివ్వలేదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, బ్యాంకులో వోచర్లకి పెట్టినట్టు ఒక్కో లైను పక్కన టిక్కు పెట్టుకుంటూ కిందికి వచ్చారు. నాలుగో లైను దగ్గర ఆగారు. మేము ఒకటే లస్సీ తాగాం, రెండు వేశారు. ఆ అమ్మాయిని పిలిచి చూపిస్తే సారీ చెప్పి కొత్త కాగితం తెచ్చింది. నాన్న పాత కాగితం తిరిగి ఇవ్వలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు, కౌంటర్‌ఫాయిల్ అంట.

పాతనిఘంటువు:
మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇంతకీ టిప్పు ఎంత ఇచ్చారు?

ఎడిసన్‌బాబు:
ఆ విషయం ఆయనకి ఇంకా చెప్పలేదు మాస్టారూ.